చేయి రాసే వరస

(హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు, కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బోర్డు మీద రాసి చూపించేది చాలా ఉంది, అక్కడి నుంచి కనబడదు.

మా బాపు దస్తావేజు లేఖరి. పరకాలలో చెట్టు కింద చిన్న బల్ల వేసుకుని నలభై ఏళ్ళు దస్తావేజులు రాశాడు. నిజాం కాలంలో చదువుకున్నవాడు కాబట్టి మొదట్లో ఉర్దూలో రాసేవాడు, తర్వాత తెలుగుకు మారాడు. ఆయన దస్తూరి ముత్యాల్లెక్క ఉండేదని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆయన తప్పు దిద్దే పద్ధతి. ఒక మాట తప్పు పడితే చెరిపేవాడు కాదు. దాని మీద ఒక్కటే గీత కొట్టేవాడు. కింది మాట చదవడానికి వచ్చేటట్టుగానే కొట్టేవాడు. పైన సరైన మాట రాసి, దస్తావేజు చివర ‘ఏడో వరుసలో ఒక మాట కొట్టివేసి పైన రాయడమైనది’ అని రాసి, దాని పక్కన సంతకం పెట్టించేవాడు. “కొట్టేసింది కూడ కనబడాలె బిడ్డా, అది కూడ సాక్ష్యమే” అనేవాడు.

నేను పెద్దయ్యాక కంప్యూటర్ సైన్స్ చదివి, ముప్ఫై ఏళ్ళు ఆ సబ్జెక్టే చెప్పాను. ఈ రోజు మాట్లాడేది పెన్నుతో నడిచే కంప్యూటర్ల గురించి. మీ చేతుల్లోని ట్యాబులు కాదు, వాటికి ముప్ఫై నలభై ఏళ్ళ ముందు వచ్చి, చాలా వరకు మూతబడిపోయిన యంత్రాల గురించి. వాటిని తయారు చేసినవాళ్ళు ఎక్కడ తడబడ్డారో నాకు మా బాపు బల్ల ముందు కూర్చున్న జ్ఞాపకంతోనే అర్థమైంది. వాళ్ళు చేతిరాతను నమ్మారు. కానీ దాన్ని రాతగా ఉండనివ్వలేదు, వెంటనే అచ్చక్షరంగా మార్చాలని తొందరపడ్డారు.

మొదటి నుంచి చెప్తాను. ఇలైషా గ్రే అనే అమెరికా ఆయన ఉన్నాడు. టెలిఫోన్ కోసం గ్రాహం బెల్ పేటెంట్ ఆఫీసుకు వెళ్ళిన రోజే ఈయన తరఫు కాగితాలు కూడా అక్కడికి చేరాయి. 1876 ఫిబ్రవరి 14. పేరు బెల్‌కు దక్కింది. ఆ తర్వాత 1888లో గ్రే ఇంకొక యంత్రానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. దాని పేరు టెలాటోగ్రాఫ్. ఇక్కడ పెన్నుతో రాస్తే తీగకు అవతలి కొసన ఇంకో పెన్ను అచ్చం అలాగే రాసేది. రాసింది ఏ అక్షరమో దానికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. చేయి ఎటు కదిలిందో అటే తీసుకెళ్ళేది. ఇంగ్లీషు రాసినా ఒకటే, తెలుగు రాసినా ఒకటే. ఈ మాట మనసులో పెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

కంప్యూటర్ వచ్చాక రాతను అర్థం చేసుకోవాలన్న ఆశ పుట్టింది. 1964లో కాలిఫోర్నియాలోని రాండ్ సంస్థ వాళ్ళు పది అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు ఉన్న ఒక పలక చేశారు. దాని లోపల సన్నటి తీగలు వల లాగా పరిచారు, అంగుళానికి వంద చొప్పున. పెన్ను కొస ఎక్కడ ఉందో పది లక్షల చుక్కల్లో ఏ చుక్కో చెప్పగలిగేది. దాని మీద గ్రెయిల్ అనే ప్రోగ్రాం నడిచింది. వంకరగా ఒక పెట్టె గీస్తే తిన్నని పెట్టె వచ్చేది. లోపల అక్షరం రాస్తే అచ్చక్షరం అయ్యేది. గీసినదాన్ని పిచ్చిగీతలతో కొట్టేస్తే పోయేది. 1960ల సంగతి ఇది! మౌస్ అంటే ఏమిటో అప్పటికి జనానికి తెలియదు. తర్వాత తరం కంప్యూటర్లకు దారి వేసిన అలన్ కే గ్రెయిల్‌ను చూసి చాలా ప్రభావితుడయ్యాడు.

ఇక్కడ ఒక సంగతి అర్థం కావాలి. కాగితం మీది రాతను ఫొటో తీసి చదవడం వేరు, రాస్తుండగా చదవడం వేరు.

(బోర్డు మీద ‘వ’, ‘ప’ రాసి)

చూడండి. ఇది వ, ఇది ప. వకు తలకట్టు అంటుకుని ఉంటుంది, పకు విడిగా ఉంటుంది. తొందరలో రాస్తే ఆ సందు వెంట్రుకవాసి కూడా ఉండదు. ‘పాడు’ అని రాస్తే ‘వాడు’ అయిపోతుంది. ఫొటో చూసే యంత్రానికి ఆ సందు ఒక్కటే ఆధారం. పెన్ను యంత్రానికి అట్లా కాదు. పెన్ను ఎప్పుడు ఆనింది, ఎటు తిరిగింది, ఎక్కడ లేచింది, మళ్ళీ ఎక్కడ దిగింది, అన్నీ దాని దగ్గర ఉంటాయి. ఇప్పటి పలకలైతే సెకనుకు వంద సార్లకు పైగా పెన్ను చోటును రాసిపెట్టుకుంటాయి. పెన్ను మధ్యలో లేచిందంటే అది ‘ప’ అయి ఉండొచ్చని ఊహించగలవు. మరి అందులో చిక్కు లేదా అంటే ఉంది. ఈ గదిలోనే కొందరు తలకట్టు ముందు రాస్తారు, కొందరు చివర రాస్తారు. ‘థ’ లోపలి చుక్క, ‘ధ’ కింది గీత మాట మొత్తం రాశాక వెనక్కి వచ్చి పెట్టేవాళ్ళు ఉన్నారు. రూపం ఒకటే, వరస వేరు. ఇంగ్లీషులో ‘ఐ’ మీద చుక్క, ‘టీ’ మీద అడ్డగీత కూడా ఆ యంత్రాలు చేసినవాళ్ళను ఇట్లాగే ఏడిపించాయి.

1987లో గో అనే కంపెనీ పుట్టింది. జెర్రీ కప్లాన్ అనే ఆయన, లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన మిచ్ కేపర్‌తో కలిసి చిన్న విమానంలో పోతున్నాడు. కేపర్ జేబులోంచి చిన్న చిన్న కాగితపు ముక్కలు తీసి, వాటి మీద రాసుకున్నవి ల్యాప్‌టాప్‌లో కొట్టుకుంటున్నాడు. ఒకసారి చేత్తో రాసినదాన్ని మళ్ళీ ఎందుకు కొట్టాలి, నేరుగా దీని మీదే రాస్తే పోదా అన్న మాట ఆ విమానంలోనే వచ్చింది.

ఆ మాట నుంచి వచ్చిందే పెన్‌పాయింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. 1992లో బయటికి వచ్చింది. దాన్ని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే నాకు దాని మీద చాలా గౌరవం. మిగతావాళ్ళు ఉన్న సిస్టమ్‌కు పెన్ను అతికించారు. వీళ్ళు పెన్నును ముందు పెట్టుకుని సిస్టమ్ మొత్తం మొదటి నుంచి రాశారు. తెర తెరిస్తే నోటుబుక్కు కనబడేది. మొదటి పేజీ విషయసూచిక. కుడిపక్క అంచున పుస్తకానికి ఉన్నట్టు ట్యాబులు. ప్రోగ్రాం తెరవడం, ఫైలు సేవ్ చేయడం అనే మాటలే లేవు. పేజీ తిప్పితే ఆ పని తెరుచుకునేది, ఇంకో పేజీకి పోతే మొదటిది ఎక్కడ ఆపావో అక్కడే ఉండేది. మా బాపు దగ్గర ఉండిన రిజిస్టరు లాగానే!

మరి ఆజ్ఞలు ఎట్లా ఇవ్వాలి? పెన్ను గుర్తులతోనే. మాట మీద ఇంటూ గుర్తు వేస్తే అది పోతుంది. రెండు మాటల మధ్య మనం రాతలో వదిలిపోయిన మాట చేర్చడానికి గూడుగుర్తు పెడతాం కదా, అదే పెడితే అక్కడ కొత్త మాట రాసే చోటు వస్తుంది. మాట చుట్టూ సున్న చుడితే దాన్ని దిద్దుకోవచ్చు. పెన్నును తెర మీద చటుక్కున విసిరినట్టు గీస్తే పేజీ జరుగుతుంది. ప్రశ్నార్థకం గీస్తే సాయం వస్తుంది. ఇవన్నీ బళ్ళో పంతులు ఎర్ర సిరాతో మన నోటుబుక్కులో వేసే గుర్తులే. ఇవి పెట్టినవాళ్ళు చేయి గురించి ఎంత ఆలోచించి ఉంటారో! ఇన్నేళ్ళు నేర్చుకున్నది చేయి మరిచిపోనవసరం లేదు, యంత్రమే దాన్ని నేర్చుకోవాలి.

ఒక్క చోట మాత్రం నాకు మా బాపు గుర్తుకొస్తాడు. ఇంటూ వేస్తే మాట మాయం. గీత కొట్టిన గుర్తు కూడా మిగలదు. పైగా రాసింది రాసినట్టు ఉంచుకోవచ్చని వీళ్ళకు తెలియక కాదు, ఆ సిస్టమ్‌లో సిరాను సిరాగా ఉంచే ఏర్పాటు ఉంది. అయినా కొనేవాళ్ళకు చూపించింది, పత్రికలు పరీక్ష పెట్టింది రాతను అచ్చుగా మార్చే దగ్గరే. యంత్రం గొప్పదా కాదా అంటే, రాసింది తప్పులేకుండా చదివిందా లేదా అన్నదే లెక్క అయింది. మైక్రోసాఫ్ట్ కూడా 1992లోనే విండోస్‌కు పెన్ను తగిలించింది. అందులో మౌస్ ఉండే చోట పెన్ను వచ్చింది, అంతకు మించి ఆలోచన కనబడదు నాకు. అయినా గట్టి పోటీ అది. గో నుంచి విడిపోయిన ఈవో కంపెనీ 1993లో పెన్‌పాయింట్‌తో నడిచే యంత్రాలు అమ్మింది, కావాలంటే సెల్‌ఫోన్ కూడా తగిలించుకోవచ్చు వాటికి. గో, ఈవో రెండూ ఏటీఅండ్‌టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ చేతికి పోయాయి. 1994లో మూసేశారు.

న్యూటన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. యాపిల్ కంపెనీది, 1993 ఆగస్టు, ధర 699 డాలర్లు. దాంట్లో చేతిరాత చదివే ప్రోగ్రాం మాస్కో నుంచి వచ్చింది, స్తెపాన్ పాచికోవ్ వాళ్ళ ప్యారాగ్రాఫ్ కంపెనీది. అది గొలుసుకట్టు రాతను కూడా చదివేది. ఎట్లా చదివేదంటే, రాసిన మాట మొత్తం చూసి, తన దగ్గరున్న నిఘంటువులో దేనికి దగ్గరగా ఉందో వెతికేది. అక్కడ వచ్చింది చిక్కు. అక్షరం ఒకటి తప్పుగా చదివితే మనం చూసి ఇదేదో పొరపాటు అనుకుంటాం, సర్దుకుంటాం. ఇది అట్లా కాదు, ఒక మాట రాస్తే పూర్తిగా సంబంధం లేని ఇంకో మంచి మాట చూపించేది. అమెరికాలో ఒక దినపత్రిక బొమ్మల కథలో అదే నెలలో దీన్ని ఏకిపారేశారు. రాసింది ఒకటి, అది చదివింది ‘గుడ్డు మచ్చలు’. ఆ రెండు మాటలు ఆ యంత్రం నెత్తిన కూర్చున్నాయి. నిఘంటువులో లేని పేర్ల సంగతి ఇంకా కష్టం. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి అని రాసేవాడి గతి ఏమిటో ఆలోచించండి.

న్యాయంగా చెప్పాలంటే రెండో తరం న్యూటన్ చాలా బాగుపడింది. విడివిడి అక్షరాలు చదవడానికి యాపిల్ వాళ్ళు సొంతంగా చేసుకున్న ప్రోగ్రాం అందులో వచ్చింది, వాడినవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు ఇంకా నచ్చింది ఇంకోటి. రాసిన మాటను అచ్చు చేయకుండా సిరాగానే ఉంచి, వాక్యంలో మాట లాగా జరపొచ్చు, కొత్త వరుసకు పంపొచ్చు. దారి దొరికింది కానీ ఆలస్యమైంది. 1998 ఫిబ్రవరిలో న్యూటన్‌ను ఆపేశారు.

ఈలోపల జెఫ్ హాకిన్స్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. 1989లో గ్రిడ్‌ప్యాడ్ అనే పెన్ను కంప్యూటర్ ఈయన ఆలోచనే. అది ఫారాలు నింపడానికి, గడికొక పెద్ద అక్షరం. తర్వాత జేబులో పట్టేది చేయాలనుకున్నాడు. ముందు ఒక చెక్కముక్కను ఆ కొలతకు కోసి, జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరైనా ఫోన్ నంబరు చెప్తే చెక్క తీసి దాని మీద రాసినట్టు పుల్లతో గీసేవాడు. నిజంగా ఎప్పుడెప్పుడు తీయాలనిపిస్తుందో తెలుసుకోవడానికి. 1996లో అది పామ్ కంపెనీ పైలట్ అయింది, 299 డాలర్లు. దాంట్లో గ్రాఫిటీ అనే రాత. ప్రతి అక్షరం పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో రాయాలి. ఇంగ్లీషు ‘ఏ’ అంటే అడ్డగీత లేని గుడిసె కప్పు. పెన్ను లేస్తే అక్షరం అయిపోయినట్టు. ఒక అక్షరం ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందన్న అసలు చిక్కును అట్లా తీసేశాడు. యంత్రం చేయిని నేర్చుకోలేకపోతుంటే, చేయినే కొంచెం మారమన్నాడు. జనం మారారు కూడా.

అమెరికా నుంచి వచ్చిన ఒక శిష్యుడు నాకు పామ్ ఎం100 ఇచ్చి వెళ్ళాడు. కాజీపేట స్టేషన్లో బండి కోసం కూర్చుని గ్రాఫిటీ నేర్చుకున్నాను, గంట కూడా పట్టలేదు. ఇంగ్లీషు బాగానే వచ్చేది. తెలుగు రాయడానికి లేదు. చాలా బాధేసింది. తర్వాత అందులో నోట్‌ప్యాడ్ అనే చిన్న ప్రోగ్రాం కనబడింది. అది దేన్నీ చదవదు, గీసింది గీసినట్టు ఉంచుతుంది. తెర అడ్డం 160 చుక్కలు, నిలువు 160 చుక్కలు. వరుసకు నాలుగక్షరాలు పట్టేవి. అందులో ‘బాపు మందులు’ అని రాసుకున్నాను. తెలుగులో! నా దస్తూరిలో! ఏ ఫాంటూ లేదు, ఏ కీబోర్డూ లేదు. ఆ రోజు ఇలైషా గ్రే నాకు కొత్తగా అర్థమయ్యాడు. యంత్రానికి మన భాష రాకపోయినా సరే, మన రాతను చెడగొట్టకుండా ఉంచితే సగం పని అయినట్టే.

2002లో వచ్చిన విండోస్ ట్యాబ్లెట్ పీసీలో ఇదే పద్ధతి గట్టిపడింది. రాత రాతగానే ఉంటుంది, యంత్రం వెనక నిశ్శబ్దంగా చదువుకుంటుంది, వెతికినప్పుడు దొరుకుతుంది. ధర, బరువు వల్ల అది కూడా ఇంటింటికీ రాలేదు.

ఇప్పుడు మన రాత సంగతి. దీని కోసమే బోర్డు అడిగాను.

(బోర్డు మీద ‘స్త్రీ’ రాస్తూ)

చిన్నప్పుడు పలక మీద ఎట్లా నేర్చుకున్నాం? స రాసి, గుడి దీర్ఘం ఇచ్చి ‘సీ’ అన్నాం. తర్వాత కింద త వత్తు. తర్వాత ర వత్తు, మా పంతులు క్రావడి అనేవారు. చేయి వరస ఇది: స, గుడి దీర్ఘం, త, ర. కంప్యూటర్ లోపల ఎట్లా ఉంటుంది? స, పొల్లు, త, పొల్లు, ర, ఆ తర్వాత దీర్ఘం. ఆరు సంకేతాలు. చేయి రెండో అడుగులో రాసింది యంత్రంలో అన్నిటికంటే చివర ఉంటుంది. కీబోర్డు మీద తెలుగు కొట్టడం మన పెద్దవాళ్ళకు ఎందుకు కష్టమో ఇక్కడ ఉంది. వాళ్ళకు చేతకాక కాదు, వాళ్ళ చేయి నేర్చుకున్న వరసను యంత్రం తలకిందులు చేసి అడుగుతోంది.

మా అమ్మ పేరులో ‘ధ’ ఉంది. ఒక ఆఫీసులో కొట్టేటప్పుడు కింది గీత పోయి ‘ద’ అయింది. ఆ ఒక్క గీత కోసం ఎనభై ఏళ్ళ మనిషిని రెండుసార్లు తీసుకుపోయాను. అర్జీ మీద ఆమె చేత్తో రాసిన పేరు సరిగ్గానే ఉంది, కానీ దాన్ని ఎవరూ ఉంచుకోలేదు, కొట్టిందే మిగిలింది.

బెంగళూరులో హెచ్‌పీ ల్యాబ్స్ ఇండియా వాళ్ళు ఈ విషయం మీద శ్రద్ధగా పనిచేశారు. వాళ్ళ గెస్చర్ కీబోర్డు నాకు ఎంతో ఇష్టం. పలక మీద హల్లులు అచ్చువేసి ఉంటాయి. ఒక హల్లును పెన్నుతో తాకితే ఆ హల్లు వస్తుంది. దాని మీదే గుణింతం గుర్తు గీస్తే ఆ గుణింతం వస్తుంది. హల్లు కీబోర్డుది, గుణింతం చేతిది. హిందీకి చేశారు. మన గుణింతం నేర్చిన ఏ పిల్లవాడికైనా చూడగానే తెలిసిపోతుంది. వాళ్ళే తెలుగు రాతల నమూనాలు కూడా సేకరించి పరిశోధకులకు ఇచ్చారు. 166 రూపాలు, ఒక్కోదానికి సుమారు 270 నమూనాలు, పెన్ను కదిలిన వరసతో సహా. అక్షరం మొత్తం ఒకటిగా గుర్తించాలంటే గుణింతాలు, వత్తులు కలిపి వేలల్లో తేలుతాయి. ముక్కలుగా విడదీస్తే 166కు వచ్చింది.

ఇప్పుడు మీ ఫోన్లో గూగుల్ కీబోర్డులో తెలుగు చేతిరాత ఉంది. సెట్టింగుల్లోకి పోయి పెట్టుకోండి, వేలితో రాసి చూడండి. బాగానే చదువుతుంది. మా బాపు రాత ఇస్తే మాత్రం ఆగిపోతుంది. ఆయనది గొలుసుకట్టు. పెన్ను ఎత్తకుండా వరుస మొత్తం పోయేవాడు, తలకట్లు సగం ఉండవు. మన ఊళ్ళలో పట్వారీలు రాసిన పాత పహాణీలు, అంటే భూమి లెక్కల కాగితాలు, దస్తావేజులు అట్లాంటి రాతలోనే ఉన్నాయి. అవి చదవగలిగేవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. కాగితం మీద రాత మిగిలింది, చేయి ఎటు కదిలిందో ఆ వరస మిగలలేదు. ఆ వరస తెలిసిన చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. మీ తాతల ఇళ్ళల్లో ఉన్నాయి.

అందుకే ఈ ట్యాబ్ తెచ్చాను. దీంట్లో పెట్టిన ప్రోగ్రాం దేన్నీ చదవదు, అచ్చు చేయదు. పెన్ను కదిలిన ప్రతి చుక్కనూ, సమయంతో సహా ఉంచుతుంది. కొట్టేసినది కూడా ఉంచుతుంది. ఈ సెలవుల్లో మీలో ఎవరి తాతగారైనా, అమ్మమ్మగారైనా గొలుసుకట్టు రాసేవాళ్ళుంటే నాకు చెప్పండి, నేనే ఊరికి వస్తాను. భూపాలపల్లి అవతల అయినా వస్తాను. వాళ్ళకు ఏది రాయాలనిపిస్తే అది ఒక పేజీ రాస్తే చాలు.

ముందు మీ రాతతో మొదలుపెడదాం. కిటికీ పక్కన కూర్చున్న అమ్మా, ఇట్లా రా. పెన్ను తీసుకో, కొంచెం జారుతుంది, అలవాటవుతుంది. ‘స్త్రీ’ అని రాయి. మిగతావాళ్ళు తెర మీద చూడండి, ఆమె గుడి దీర్ఘం ముందు ఇస్తుందో, వత్తు ముందు ఇస్తుందో.